క్లచ్చు లేని కారు

“నడుమ తొవ్వల గిది ఆగిపోతె ఏంజేద్దాం?” అన్నది గట్టమ్మ.

కారు ఇంకా స్టార్ట్ కూడా కాలేదు. రఘునాథపల్లిలో ఇంటి ముందు తలుపులు బార్లా తెరుచుకొని, సామాన్లు ఎక్కించుకుంటూ నిలబడి ఉంది. కొడుకు దయాకర్ జవాబు చెప్పలేదు. బియ్యం మూటను డిక్కీలో ఓ మూలకు జరిపాడు. ఎనిమిది నెలలుగా ఇంతే. అడిగితే తలూపుతాడు, పెడితే తింటాడు. ఊళ్లోవాళ్లతోనూ రెండు మాటలకు మించడు. కానీ గట్టమ్మ మనసుకు మాత్రం ఆ మౌనమంతా తనొక్కదానికే వేసిన శిక్ష.

అనుకున్న పని చాలా సులువైనది. ఆరింటికి బయల్దేరి, వరంగల్ మీదుగా పదింటికల్లా చెల్పూర్ చేరాలి. అక్కడి కరెంటు ప్లాంటులో దయాకర్ మళ్లీ డ్యూటీలో చేరాలి. సాయంత్రం అయిదులోపు రాకపోతే ఆ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటామని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు. గట్టమ్మ వెంట వెళ్లి అద్దెగదిలో పొయ్యి పెట్టించి, వారం ఉండి రావాలి. ఆమె అన్న పరశురాములు కూడా తోడు బయల్దేరాడు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి, పిలవకపోయినా వచ్చేవాడే.

కారుకు గేర్లు వాటంతట అవే మారుతాయి. క్లచ్చు లేదు కాబట్టి ఎడమ కాలికి పని లేదు. దయాకర్‌కు ఎడమ కాలు మోకాలి కింద లేదు.

ఆ కాలు పోయిన రోజు, ఎనిమిది నెలల కింద, అతను బైకు మీద డ్యూటీకి పోతున్నాడు. తొమ్మిదీ పదికి గట్టమ్మ “చేరినవా బిడ్డా?” అని అడగడానికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. నాలుగోసారి స్విచాఫ్ అని వచ్చింది. పరకాల రోడ్డు మీద బైకు ట్రాక్టర్ ట్రాలీ కింద పడిన టైము పోలీసులు కాగితం మీద రాసుకున్నారు, తొమ్మిదీ పదకొండు. ఆ నిమిషం సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. తన ఫోను ఎత్తడానికే వాడి చేయి హ్యాండిల్ వదిలి జేబులోకి పోయిందని ఆమెకు తెలుసు. ఎవరూ చెప్పకుండానే తెలుసు.

సామాన్లు సర్ది కదిలేసరికే ఎనిమిదిన్నర అయింది. ఊరి పొలిమేర దాటి కారు వేగం అందుకుందో లేదో, ముందు సీట్లోని పరశురాములు చెయ్యెత్తాడు.

“ఆపు, ఆపు! గేరు ఏడుస్తున్నది.”

“ఎట్లేడుస్తున్నదన్నా?” అన్నది వెనక సీట్లో మూటల మధ్య ఇరుక్కున్న గట్టమ్మ.

“సన్నగ కుఁయ్‌మని. కుక్కపిల్ల తలుపుల ఇరికినట్లు. స్పీడయితె మొదలైతది, బ్రేకేస్తె ఆగుతది. నీకినవడ్తలేదా?”

“లేదే!”

“గట్లయితె నీ చెవులు గూడ పోయినయి.”

గట్టమ్మకు భయం రెండింతలైంది. బండి చెడిపోయింది, పైగా చెడిపోయిన సంగతి తనకు వినబడటం లేదు. “నీకినొస్తున్నదా బిడ్డా?” అని అడిగింది. దయాకర్ అద్దంలోంచి ఆమెను ఒకసారి చూసి, తలూపాడు.

“క్లచ్చు ప్లేట్లు పోయినయి,” అని పరశురాములు తేల్చేశాడు.

“దీనికి క్లచ్చే లేదంటిరి గదన్నా?”

“లేకుంటెనే గద ఏడుస్తున్నది! గేరు మారెటప్పుడు దాన్ని కాలుతోని జర జోకొట్టాలె. ఎవ్వలు తొక్కకుంటె అదెట్ల ఓర్సుకుంటది చెల్లె?”

బరువు గేరు డబ్బా మీద పడుతున్నదేమోనని కూడా ఆయనకు అనుమానం వచ్చింది. బియ్యం మూట, గ్యాసు పొయ్యి, చాప, రెండు జాడీల మామిడికాయ తొక్కు, నెత్తిన కట్టిన మడత మంచం, అన్నీ దించి రోడ్డు పక్కన పెట్టించాడు. తెల్ల ధోవతితోనే కారు కిందికి దూరాడు. బయటికి రెండు పాదాలే కనబడుతున్నాయి.

బైకు మీద పోయే ఒకతను ఆగాడు. “మంచం ఎంతకిస్తరవ్వా?”

“అమ్మెటందుకు గాదు బిడ్డా. బండి పోయింది. నా కొడుకు బతుకు ఏమైతదో!” అని గట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను చెల్లాచెదురైన సామాన్లను చూశాడు. కారు కింద కదలకుండా ఉన్న పాదాలను చూశాడు. బండి తిప్పి ఊరివైపు దూసుకుపోయాడు.

అరగంట తిరగకముందే ఊరి నుంచి ఓ ఆటో వచ్చింది. నలుగురు ఆడవాళ్లు నెత్తి కొట్టుకుంటూ దిగారు. వాళ్లను చూడగానే గట్టమ్మ ఒక్కటే అనుకుంది. తాను ఇంటి నుంచి కదిలిన కాసేపట్లో ఊళ్లో ఎవరో పోయారు! వాళ్ల మెడ పట్టుకొని ఆమె కూడా ఏడుపు ఎత్తుకుంది. అయిదుగురూ కాసేపు గట్టిగా ఏడ్చారు.

“ఎవలు వోయిండ్రే లతా?” అని మధ్యలో వెక్కుతూ అడిగింది గట్టమ్మ.

పక్కింటి లత ఏడుపు ఆపింది. “మీరే గదనే!”

అప్పుడే పరశురాములు కారు కింది నుంచి బయటికి వచ్చాడు. ఒకావిడ కెవ్వుమన్నది.

వాళ్లకు నచ్చజెప్పి, నీళ్లు తాగించి, ఆటో ఎక్కించేసరికి పదిన్నర. చెల్పూర్ ఉండేది తూర్పున. పరశురాములుకు నమ్మకమున్న మెకానిక్ బాల్‌సింగ్ ఉండేది పడమర, జనగామలో. బండిని వెనక్కే తిప్పాలని పరశురాములు పట్టుబట్టాడు. దయాకర్ గడియారం చూసుకున్నాడు, తిప్పాడు. దారి పొడుగునా గేరు ఏడుస్తూనే ఉందట.

బాల్‌సింగ్ ఓ తీగ గుచ్చి, చిన్న తెర మీద చూశాడు. గేరు ఆయిలు తీసి వేలికి రాసుకున్నాడు, వాసన చూశాడు. “గేరు డబ్బకేం గాలే సారూ. జర తోలి సూస్త.”

ఒక్కడే తోలాడు. చప్పుడు లేదు. దయాకర్‌ను ఎక్కించుకొని తోలాడు, లేదు. పరశురాముల్ని ఎక్కించుకొని తోలాడు. ముసలాయన మాటల చప్పుడే తప్ప వేరేది లేదు. సామాన్లన్నీ ఉండగానే ముగ్గురూ కలిసి ఓ చక్కర్ కొట్టి వచ్చారు. కారు కిమ్మనలేదు.

బాల్‌సింగ్ తల గోక్కున్నాడు. “అవ్వా, జర నువ్వు గూడ ఎక్కు.”

గట్టమ్మ ఎక్కింది. కారు కదిలింది. వేగం అందుకుంది. పరశురాములు ఎగిరిపడ్డాడు. “అగో! మొదలైంది!”

బాల్‌సింగ్ బండి ఆపలేదు. అద్దాన్ని కొంచెం వంచి వెనక్కు చూశాడు. “అవ్వా, ఒక్కసారి కొంగు నోట్లె వెట్టుకోరాదు.”

ఎందుకో తెలియకపోయినా ఆమె పెట్టుకుంది. చప్పుడు ఆగింది.

“ఇగ దీయి.”

తీసింది. కుఁయ్‌మని మొదలైంది. ఈసారి గట్టమ్మకు కూడా వినిపించింది. తన గొంతులోంచి, తనకు చెప్పకుండా, దానంతట అదే వస్తోంది.

పరశురాములు పకపకా నవ్వాడు. చెల్లెలి మొహం చూసి నవ్వు సగంలో ఆపేశాడు.

ఆ చప్పుడు ఎక్కడిదో గట్టమ్మకు తెలుసు. దవాఖాన వరండాలో బండల మీద పదకొండు రోజులు కూర్చున్నప్పటిది. “మూలుగకవ్వా, పక్క పేషెంట్లు పరేషానైతుండ్రు,” అని నర్సు అంటే ఆపానని అనుకుంది. ఆపలేదన్నమాట. ఇంట్లో కూడా ఇలాగే మూలుగుతూ తిరిగిందేమో, ఎవరూ అనలేదేమో.

షెడ్డు ముందు కారు ఆగగానే ఆమె దిగింది. తన బట్టల సంచి చేతికి తీసుకుంది.

“అన్నా, నన్ను బస్సెక్కియ్యి. పిలగాడొక్కడే పోతడు. అయిదుకు అందుకోవాలె.”

రెండడుగులు వేసింది. మళ్లీ వెనక్కు వచ్చింది. దయాకర్ అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆమె కిటికీ పట్టుకుంది.

“ఆనాడు తొమ్మిదిటికి ఫోన్ జేసింది నేనే బిడ్డా. నువ్వు దానికోసమే జేబుల చెయ్యి వెట్టినవు. నీ కాలు నేనే తీసిన. తిట్టు, కొట్టు, ఏమన్నజెయ్యి. గని గిట్ల ఊకుండకు.”

దయాకర్ ముందుకే చూస్తున్నాడు. బాల్‌సింగ్ గాలి పంపు మోటారు బందు చేశాడు. పరశురాములు టైరును చూడటం మొదలుపెట్టాడు. అందులో చూడటానికేమీ లేదు. వరంగల్ బస్సు ఒకటి వచ్చి, ఆగి, జనాన్ని ఎక్కించుకొని పోయింది. గట్టమ్మ చేయి కిటికీ మీదే ఉంది. రెండో బస్సు కూడా పోయింది.

“ట్రాలీ రివర్స్‌ల వచ్చి గుద్దింది,” అన్నాడు దయాకర్. చాలా రోజులు వాడని గొంతు, కొంచెం బొంగురుపోయింది. “ఫోను జేబుల్నే ఉండె. నేను ముట్టనే లేదు.”

“మోగింది గద బిడ్డా! మూడుసార్లు మోగె!”

అతను చేయి చాపి ఆమెవైపు తలుపు తీశాడు.

“నీ కాడ మోగిందమ్మా. రోజుకు నలభై సార్లు జేస్తవని, నీ నంబరుకు మోత బందువెట్టి మూడేండ్లాయె.”