మంత్రిగారి ఈతకొలనులో ప్రజల నీళ్ళు

ప్రజల కుళాయిల్లో వచ్చే నీళ్ళలోనే తాను ఈత కొడతానని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించారు.

"తూర్పు ట్యాంకు నీళ్ళు మంచివి కావని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. ఆ నీళ్ళతోనే మా ఇంటి ఈతకొలను నింపిస్తాను. వచ్చే ఆదివారం మీ అందరి కళ్ళముందు దిగుతాను. నా ఒంటికి పడిన నీళ్ళు జనం ఒంటికి పడవా?" అన్నారు.

ఇంత త్యాగం చేసిన మంత్రి ఈ శాఖలో ఇదివరకు లేరని పక్కనే నిలబడ్డ పీఏ పత్రికలవాళ్ళకి చెప్పాడు. నిజమే. ఇదివరకటి మంత్రి ఇంట్లో కొలను లేదు.

పని పూల్ మేస్త్రికి అప్పగించారు. అతను ఇరవై ఏళ్ళుగా పెద్దవాళ్ళ ఇళ్ళలో ఈతకొలనులు కడుగుతున్నాడు. ఈత రాదు. ఉండేది ఆ తూర్పు ట్యాంకు కిందే, మూడో వీధిలో. కూతురు ఇంట్లోనే లాండ్రీ నడుపుతోంది. ఆసుపత్రి నర్సుల తెల్ల యూనిఫాంలు ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తుంది. అదే ఆ ఇంటికి నిలకడైన ఆధారం. ట్యాంకు నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. బ్లీచింగు తగిలిందా, తుప్పు రంగుకి తిరుగుతాయి. ఆ రంగు తెల్లబట్టకి పట్టిందంటే ఉతికేవాళ్ళ చేతులు అరగాలి తప్ప అది పోదు. నర్సులు ఒక్కొక్కరే మానేస్తున్నారు. ట్యాంకుకి ఇనుము తీసే ఫిల్టరు పెట్టించమని వీధి తరఫున మేస్త్రి అర్జీ పెట్టి మూడేళ్ళయింది. అర్జీ పరిశీలనలో ఉంది. శాఖవారు దేన్నీ తొందరపడి చూడరు.

"ఆదివారానికి కొలను మల్లెపువ్వులా ఉండాలి మేస్త్రీ. ఉందా, నీ వీధి ఫైలు మీద సంతకం చేయించే పూచీ నాది. నా మాటంటే మంత్రిగారి మాటే," అన్నాడు పీఏ.

"ఆయన మాట వద్దు సార్. మీ మాట చాలు," అన్నాడు మేస్త్రి.

పీఏ దాన్ని పొగడ్తగా తీసుకున్నాడు.

కొలనులో ఏ మందు వాడాలో తేల్చడానికి అయిదుగురితో కమిటీ వేశారు. అధ్యక్షుడు నీటి నాణ్యత డైరెక్టరు. ఆయన బల్లమీద సీలు తీయని నీళ్ళ సీసాలు నాలుగున్నాయి. కమిటీలో ఒక్కడికీ కొలను సంగతి తెలియదు గనక పక్షపాతానికి తావులేదు. మేస్త్రిని ఓ పక్కగా నిలబెట్టి చెప్పమన్నారు.

"ఉప్పులోంచి క్లోరిన్ తయారుచేసే మిషనుంది సార్. కళ్ళు అంతగా మండవు."

"మంత్రిగారికి బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు," అన్నాడు పీఏ.

"తాగరు కదా సార్. ఈదుతారు."

"మాట్లాడకుండా ఈదరు. నోరు తెరిచే ఉంటుంది."

ఉప్పు కొట్టేశారు.

"బ్రోమిన్ ఉంది. కాకపోతే ఎండకి నిలవదు."

"జనానికి తెలియని మందు మంత్రి వాడితే ప్రతిపక్షం ఊరుకోదు."

బ్రోమిన్ కొట్టేశారు.

"రాగితో శుభ్రం చేసే పరికరం ఒకటి ఉంది. రాగి ఎక్కువైతే జుట్టు ఆకుపచ్చగా అవుతుంది."

మంత్రిగారి జుట్టు రంగు శాఖలో రహస్యపత్రాల కింద లెక్క. రాగి మాట మినిట్స్‌లోకి కూడా ఎక్కలేదు.

అలా రెండున్నర గంటల మేధోమథనం తర్వాత క్లోరిన్ ఏకగ్రీవంగా ఎంపికైంది.

"అయితే ముందుగా ఇనుముని కట్టిపడేసే మందు ఒకటి పోయాలి సార్. ఆ తర్వాతే క్లోరిన్. లేకపోతే మెట్లకీ గోడలకీ మరకలు పడతాయి," అన్నాడు మేస్త్రి.

"ఇనుము ఎక్కడిది?" అన్నాడు డైరెక్టరు.

"నీళ్ళలోది సార్."

"ఆ మందు తెప్పించాలంటే ఇండెంటులో కారణం రాయాలి. ఇనుము అని రాస్తే నీళ్ళలో ఇనుము ఉన్నట్టవుతుంది."

"ఉంది కదా సార్."

"ఉండటం వేరు, రాయడం వేరు. అయినా ట్యాంకు దగ్గర మేం రోజూ క్లోరిన్ కలుపుతూనే ఉన్నాం. రికార్డుంది."

"కలిపితే అక్కడే ఎర్రబడేవి సార్. మా అమ్మాయి బకెట్టు దాకా ఆగేవి కావు."

డైరెక్టరు రికార్డు తెప్పించి చూపించాడు. అందులో ఏ రోజూ ఖాళీ లేదు. మూడేళ్ళ సంతకాలూ ఒకే కలంతో, ఒకే ఊపులో ఉన్నాయి.

గురువారం నీళ్ళు నింపారు. అడుగున పడ్డ సూది కూడా కనపడేటంత నిర్మలంగా ఉన్నాయి. డైరెక్టరు దగ్గరుండి క్లోరిన్ వేయించాడు. గంట తిరిగేసరికి కొలను నిండా డికాషను. తెల్లారి చూస్తే మెట్ల మీద, గోడల మీద మట్టిరంగు చారలు.

మేస్త్రి జేబులోంచి విటమిన్ సి మాత్ర తీసి మెట్టు మీద రుద్దాడు.

"కొలనుకి జలుబు చేసిందా?" అన్నాడు పీఏ.

"దీనికి మరక వదిలితే అది ఇనుమే సార్."

మాత్ర రుద్దినమేర తెల్లగా వచ్చింది. డైరెక్టరు ముఖం మాత్రం నల్లబడింది. "ఇది పరీక్ష కాదు కదా? పరీక్షలకి అనుమతి లేదు."

"కాదు సార్. రుద్దటమే."

రుద్దటానికి అభ్యంతరం లేదన్నారు. అదే సరుకు పొడి రూపంలో బస్తా తెప్పించి పోశారు. శనివారం సాయంత్రానికి మరకలు విడిచి కొలను మళ్ళీ తెల్లబడింది. మేస్త్రి పీఏని పక్కకి పిలిచాడు.

"ఇనుము ఎక్కడికీ పోలేదు సార్. నీళ్ళలో కరిగి కూర్చుంది. రేపు మాత్రం క్లోరిన్ డబ్బా మూత తీయకండి. మీకు దణ్ణం పెడతాను."

"మూతే కదా. తీయంలే," అన్నాడు పీఏ.

ఆదివారం మంత్రిగారు నడుములోతు నీళ్ళలో నిలబడి చేతులు ఊపారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. నీళ్ళలో క్లోరిన్ కలిపారా అని ఎవరో విలేఖరి అడిగాడు. అడిగినదాన్ని వాయిదా వేసే అలవాటు మంత్రిగారికి ఆఫీసులోనే. "ఇటివ్వండి. నా చేత్తో నేనే కలుపుతాను," అన్నారు.

మేస్త్రి అడ్డం వెళ్ళబోయాడు. సెక్యూరిటీవాళ్ళు అతన్ని మర్యాదగా రెండు రెక్కలూ పట్టుకుని గేటు దగ్గర దించారు.

మంత్రిగారు డబ్బా బోర్లించారు. ఆయన నడుము చుట్టూ ముందు పసుపుగా, తర్వాత ఇటుకరంగుగా నీళ్ళు తిరగడం మొదలైంది. రంగు ఆయనలోంచే వస్తున్నట్టుంది.

"సార్, మీ చుట్టూ ఆ రంగేమిటి?" అన్నాడు విలేఖరి.

ఇంకొకరైతే గట్టెక్కేవారు. మంత్రిగారు దోసిలితో ఆ నీళ్ళు తీసి చూసుకున్నారు. "మట్టి రంగు. నేను మట్టిలోంచి వచ్చినవాణ్ణి. దాచుకోను," అన్నారు.

మర్నాడు పత్రికలన్నిటికీ శీర్షిక అదే.

అయినా కొలనుకి మళ్ళీ మరకలు పట్టాయి. మరకల నివారణ మీద సమీక్ష జరిగింది. శాశ్వత పరిష్కారం చెప్పమని డైరెక్టరు మేస్త్రిని అడిగాడు.

"నీళ్ళలో ఇనుము తీసెయ్యాలి సార్."

"అది కాక?"

"క్లోరిన్‌కి ముందు ఇనుముని కట్టిపడేసే ఆ మందు పోయాలి."

"అదీ కాక."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే కొలనుకే తుప్పు రంగు వేయించండి. ఇంక ఏ మరకా కనపడి చావదు."

ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు కలం తీశాడు.

"నేను వెటకారానికి అన్నాను సార్," అన్నాడు మేస్త్రి.

"అది మినిట్స్‌లో రాయక్కర్లేదులే."

మూడు రోజుల్లో కొలను అడుగుకీ గోడలకీ తుప్పు రంగు పూశారు. మంత్రిగారు రోజూ ఈదుతున్నారు. మరక అనే మాట ఆ ఇంట్లో వినపడలేదు. మేస్త్రికి ప్రశంసాపత్రం ఇచ్చారు. పీఏ మాట తప్పే మనిషి కాదు. మూడో వీధి ఫైలు మీద సంతకం చేయించి, ఆ సంగతి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

మేస్త్రి ఇంటికొచ్చి కూతురికి చెప్పాడు. ఆ పిల్ల చాలారోజుల తర్వాత తండ్రితో నవ్వుతూ మాట్లాడింది. ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళి హెడ్ నర్సుని బతిమాలి, ఈసారి ఒక్క మచ్చ ఉన్నా నన్ను మానిపించండని చెప్పి, ముప్పై యూనిఫాంలు మోసుకొచ్చుకుంది.

వారం తర్వాత శాఖవారి వ్యాను వచ్చి వీధి మొదట్లో ఆగింది. అసిస్టెంటు ఇంజనీరు దిగి ఇంటింటికీ బకెట్టు, మగ్గు, తొట్టి దింపించాడు. అన్నీ తుప్పు రంగువే.

"ఫిల్టరేదండీ?" అంది కూతురు.

ఇంజనీరు ఫైలు తిప్పాడు. "ఫిల్టరా? ఇందులో లేదమ్మా. ఫిర్యాదు: నీళ్ళ వల్ల మరకలు. చర్య: మరక తెలియని పాత్రల పంపిణీ. సలహా ఇచ్చింది మీ నాన్నగారే."

కూతురు తండ్రి వంక చూసింది. మేస్త్రి వ్యాను టైర్ల వంక చూస్తున్నాడు.

"మరి యూనిఫాంల సంగతో?"

"బట్టలు మా కిందికి రావు. ఆరోగ్యశాఖకి వేరే అర్జీ పెట్టుకో."

ఇంజనీరు కొత్త బకెట్టు కుళాయి కింద పెట్టించి, అది నిండాక చిటికెడు బ్లీచింగు చల్లించాడు. రిజిస్టరు తెరిచాడు.

"చూసి చెప్పమ్మా. మరక ఏమన్నా ఉందా?"

ఆమె వంగి చూసింది. బకెట్టుకి ముఖం ఆనేదాకా వంగింది. "ఏమీ తెలియట్లేదండీ," అంది.

ఇంజనీరు 'మరక లేదు' అని రాసుకున్నాడు. సాక్షి సంతకం చోట వేలు పెట్టి, కలం మేస్త్రికి అందించాడు.