మా ప్రహరీ గోడ కంప్యూటర్లో క్షేమం

ఇటుకలతో గోడ కట్టుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, మూడు రోజుల్లో అయిపోతుంది! ఆ తర్వాత బతుకంతా ఏం చేస్తారు?

మా ఇంట్లో అలాంటి తొందరపాటు లేదు. మా ప్రహరీ గోడకి ఐదు నెలలు నిండాయి. ఇంతవరకు ఒక్క ఇటుక ఖర్చు కాలేదు. అంతా హోమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది.

సంగతేమిటంటే, మా ఇల్లు ఈ వీధిలో, బాబాయి ఇల్లు వెనక వీధిలో. పెరళ్ళు రెండూ కలుస్తాయి. మధ్యలో వంగిపోయిన ముళ్ళకంచె, దాన్లో మనిషి పట్టేంత సందు. ఓ రోజు బాబాయి మొక్కలకి పెట్టిన పైపు నీళ్ళు మా పెరటి మెట్ల మీదికొచ్చాయి. నాన్న జారలేదు, పడలేదు. జారి పడి ఉంటే ఏమయ్యేదో మాత్రం అరగంట సేపు చెప్పాడు. బాబాయి నవ్వాడు. అంతే, అన్నదమ్ములకి మాటల్లేవు. గోడ కట్టి తీరతానని శపథం చేసిన నాన్న, తాపీ బదులు మౌస్ పట్టుకున్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదంటే, దాన్లో తోట గోడ అనేదే లేదు. గది గోడే ఉంది. నాన్న అదే గీసి ఎత్తు ఐదడుగులకి తగ్గించాడు. నాలుగు మూలలూ కలిశాయో లేదో, అది గది అనుకుంది. పెరడంతా టైల్స్ పరిచింది. పైన స్లాబ్ వేసింది. జామచెట్టు ఆ స్లాబ్‌ని చీల్చుకుని బయటికొచ్చింది. మధ్యలో 'బెడ్‌రూమ్ 4' అని పేరు కూడా రాసింది. మీరే చెప్పండి, ఏ మేస్త్రి ఇస్తాడు ఊరికే ఇంకో బెడ్‌రూమ్?

స్లాబ్ తీసేస్తే ఇంటి కప్పు కూడా ఎగిరిపోయింది. అమ్మ తొంగి చూసి, గాలి బాగా వస్తుంది, ఉండనీయమంది.

గోడ మానేసి ఫెన్సింగ్ వేద్దామనుకున్నాడు. అది ఫర్నిచర్ కింద, సోఫాల పక్కన దొరికింది. మూడడుగుల ముక్కలు, ముప్పై ఎనిమిది కావాలి. ముప్పై ఏడు బుద్ధిగా నిలబడ్డాయి. మిగిలిన ఒక్కటీ వంటింట్లో పొయ్యికి అడ్డంగా నిలబడి, ఎంత లాగినా కదల్లేదు. నాన్న మళ్ళీ గోడకే వచ్చాడు.

నా వంతు సాయం నేనూ చేశాను. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడల్లా గోడని ఓ అడుగు జరిపేవాణ్ణి. ఆయన వచ్చి, కొలత తేడా వచ్చిందని టేపు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తేవాడు. అప్‌డేట్ వచ్చి ఉంటుంది నాన్నా అని ఓదార్చేవాణ్ణి.

ఎందుకింత పాపం అంటారా? మా నానమ్మ పొద్దున పెద్దకొడుకింట్లో ఉంటుంది, మధ్యాహ్నం నుంచి చిన్నకొడుకింట్లో. రాకపోకలన్నీ ఆ సందులోంచే. గోడ లేస్తే ఆ మోకాళ్ళతో రెండు వీధులూ చుట్టి వెళ్ళాలి. గోడ కంప్యూటర్లో ఉన్నంతకాలం ఆవిడ దారి ఆవిడదే. వరం కాదూ మరి?

కానీ నిన్న ఘోరం జరిగింది. నేను స్నానం చేసి వచ్చేసరికి నాన్న డిజైన్ పూర్తి చేసి, మేస్త్రిని కూడా పిలిపించేశాడు! నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, నీ కోసం గోడలో దారి పెట్టానని చూపించాడు. సాఫ్ట్‌వేర్‌లో గేట్లు లేవు గనక అది టేకు బెడ్‌రూమ్ తలుపు.

నానమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బాగుంది నాయనా. గడియ ఎటువైపు పెట్టావ్?"

నాన్న మౌస్‌తో తలుపుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఇటు పెడితే, ఆవిడ అక్కణ్ణించి రావాలంటే మేం తియ్యాలి. అటు పెడితే, ఇక్కణ్ణించి వెళ్ళాలంటే వాళ్ళు తియ్యాలి. మేస్త్రి చెవి మీంచి పెన్సిల్ తీశాడు.

"ఎటు పెట్టమన్నా పెడతానండి. చెప్తే రాసుకుంటా."

నాన్న కాసేపు తెరకేసి చూశాడు, కాసేపు వాళ్ళమ్మకేసి చూశాడు.

"ఉండు, వాణ్ణి ఓ మాట అడిగొస్తా" అని లేచి, ముళ్ళు చొక్కా పట్టి లాగుతున్నా ఆ సందులో దూరి అటు వెళ్ళిపోయాడు.

కొలిచి చూశాను. మా మెట్ల నుంచి బాబాయి గుమ్మానికి ఇరవై ఎనిమిది అడుగులు. పైపు నీళ్ళ సంగతి కూడా ఐదు నెలల కిందట ఇలాగే వెళ్ళి అడిగి ఉండొచ్చు కదా అని నేననలేదు. పెద్దవాళ్ళ విషయాల్లో తలదూర్చడం నాకు అలవాటు లేదు.

ప్రోగ్రామ్ మూసేస్తుంటే, మార్పులు సేవ్ చెయ్యాలా అని అడిగింది. నాన్న ఇంకా రాలేదు. నేనే 'నో' నొక్కాను.