పెద్దవాళ్ల మలేరియా

అసువోసో పట్టణంలో ఇకమీదట ఎవరి కడుపూ చెడరాదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కడుపులు తీర్మానాన్ని ఖాతరు చేస్తాయో లేదోనన్న అనుమానంతో ఆహార పరిశుభ్రతా వారోత్సవం కూడా ప్రకటించింది. మైదానంలో ప్రారంభ సభ, రాజధాని నుంచి ముఖ్య అతిథి, బ్యాండు మేళం, చివర విందు. విందు ఎవరికి అప్పగించాలన్న చర్చ అట్టే సాగలేదు. ఊళ్లో పేరున్న కేటరింగు ఫెలిసియా మేడమ్‌ది. ఆమె భర్త దార్కో గారు పట్టణ ఆరోగ్యాధికారి. అర్హత ఇంట్లోనే ఉండగా బయట వెతకడం ప్రజాధనం దుబారా చేయడమే కదా.

ఇంత వైభవానికీ అడ్డు ఒక్కటే. మైదానం గోడకు ఆనుకుని ఆంటీ ఫోసువా ఫుఫు కొట్టు ఉంది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, బోలెడు పొగ. వెనక రోట్లో కర్రపెండలం, అరటికాయ కలిపి ఫుఫు ముద్ద దంచే చప్పుడు వీధి మొగదాకా వినపడేది. బోర్డు లేని ఆ కొట్టుకి ఆ చప్పుడే బోర్డు. లారీ డ్రైవర్లు అది విని బ్రేకు వేసేవారు.

సభకు ముందురోజు దార్కో గారు కొట్టుకొచ్చారు.

"ఆంటీ, రేపు కొట్టు మూసెయ్యి. ముఖ్య అతిథి కంట పడకూడదు."

"రేపు సంత సార్. సంతనాడు మూస్తే పడే గొయ్యి వారమంతా పోసినా పూడదు."

"పరిశుభ్రత ముందా, బేరం ముందా?"

"పొయ్యి ముందు సార్. అది వెలిగితే మిగతావి వెనకాల వస్తాయి."

దార్కో గారు నవ్వలేదు. వారోత్సవంలో ఏ కాస్త తేడా వచ్చినా మైదానం పక్క కొట్టు శాశ్వతంగా లేపేస్తానని సంఘం అధ్యక్షుడు శపథం పట్టాడని చెప్పారు. ఆంటీ ఫోసువా మనసులోనే బేరీజు వేసుకుంది. ఒకరోజు బేరం పోతే మళ్లీ వస్తుంది. కొట్టు పోతే మళ్లీ రాదు. మొగుడు పోయాక ఆమె సంసారం నిలబడింది ఆ రేకుల కిందే. సరేనంది.

వెళ్లబోతూ ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "వెనక తలుపు కూడా మూస్తావా?"

"అందరికీ మూస్తే మీకూ మూసినట్టే కదా సార్."

"నా సంగతి వేరు. నేను తనిఖీకి వస్తాను."

ఆ తనిఖీ రోజూ మధ్యాహ్నం జరిగేదే. మేకమాంసం పులుసులో ఫుఫు ముద్ద ముంచుకుంటూ, గిన్నె అడుగు కనపడేదాకా ఆయన తనిఖీ చేసేవారు.

"దంచితే చప్పుడవుతుంది సార్. మూసిన కొట్లో రోకలి చప్పుడేమిటని అడిగితే?"

ఆరోగ్యాధికారి గోడ మీంచి మైదానం వైపు చూశారు. "బ్యాండు వాయించేటప్పుడు దంచు."

మర్నాడు చెల్లెలు రోట్లో ముద్ద తిప్పుతుంటే, పెద్ద డోలు దెబ్బకి రోకలి దెబ్బ కలిపి ఆంటీ ఫోసువా దంచింది. ఈసారి మేళం దిట్టంగా ఉందని మైదానంలో జనం మెచ్చుకున్నారు. దార్కో గారు పొగలు కక్కే పులుసు తాగి, మూతి తుడుచుకుని, వేదిక ఎక్కారు.

ముఖ్య అతిథి పొద్దున్నే రావాలి. ఆయన వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. అప్పటిదాకా టమాటా వేసిన జోలోఫ్ అన్నం, కోడి వేపుడు, క్రీము కలిపిన సలాడ్ శాటిన్ గుడ్డ కింద ఉక్కలో వేచి ఉన్నాయి. అవి ముందురోజు సాయంత్రమే వండినవి. ఆ రోజే వండాలంటే మేడమ్‌కి జడలు అల్లించుకునే తీరిక దొరకదు మరి. అతిథులు చేతులు కడుక్కోవడానికి కొత్త కుళాయి పెట్టారు గానీ దానికి ఎర్ర రిబ్బను కట్టారు. ముఖ్య అతిథి కత్తిరించందే ఎవరూ ముట్టకూడదు. వడ్డించే అమ్మాయిలు చేతులు అప్రన్లకే తుడుచుకున్నారు.

దార్కో గారు ప్రసంగించారు. "వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. వేడిగా వండినది వేడిగానే తినాలి. వాసన బాగానే ఉంది కదా అని నమ్మరాదు, చాలా విషాలకు వాసన ఉండదు. సబ్బుతో చేతులు కడగనిదే తిండి ముట్టరాదు."

ప్రతి మాటా నికార్సైనదే. ఆ మాటలన్నీ పూర్తి కావడానికి మరో రెండు గంటలు పట్టిందన్నదే లోపం. శాటిన్ గుడ్డ మీద ఈగలు మాత్రం శ్రద్ధగా విన్నాయి.

తర్వాత ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి చేతులు కడిగారు. ఫోటో బాగా రావాలని మళ్లీ మళ్లీ కడిగించేసరికి ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. ఆయనకి దూరప్రయాణం, వెళ్లిపోయారు. మిగతా పెద్దలంతా విందుకు కూర్చుని, ఇలాంటి రుచి రాజధానిలో కూడా లేదన్నారు. దార్కో గారు కోడిముక్కను పళ్లెంలో ఈ మూల నుంచి ఆ మూలకి బదిలీ చేస్తూ అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నారు.

తెల్లారేసరికి ఆసుపత్రి నిండింది. సంఘం అధ్యక్షుడు, కోశాధికారి, బడి పెద్ద పంతులమ్మ, వండిన ఫెలిసియా మేడమ్. అందరికీ మలేరియానే. అంత హోదా ఉన్నవాళ్లకి విరేచనాలు ఎలా అవుతాయి? నర్సు బెర్నిస్ తెలివైనది. పెద్దవాళ్ల మలేరియాకి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు మంచివని చెప్పి, మరుగుదొడ్డికి దగ్గర మంచాలు హోదా ప్రకారం పంచింది.

దార్కో గారు కూడా చేరారు. ఊరి పెద్దలంతా పడ్డాక తానొక్కడే రాయిలా తిరిగితే, ఏం తిన్నారని ఇంటావిడ అడగదా?

అధ్యక్షుడు పడుకునే ఉత్తర్వు వేశాడు. "మాకు మలేరియానే. కానీ జనం కడుపులు చెడ్డాయంటున్నారు. జనం నోళ్లు మూయించాలంటే ఏదో ఒక కొట్టు మూయించాలి. దార్కో, ఆ ఫుఫు కొట్టు మూసివేతకి సంతకం పెట్టు."

ఊళ్లో చాటింపు డప్పు వేసేవాడు ఆ కబురు ఆంటీ ఫోసువా చెవిన వేశాడు. ఆమె ఏడవలేదు. వేడి పులుసు గిన్నె గుడ్డలో చుట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

దార్కో గారు దుప్పటి కప్పుకుని మూలుగుతున్నారు. పక్క మంచానికీ ఆయన మంచానికీ నడుమ తెర ఉంది. తెర అవతల ఎవరున్నారో ఆమెకి తెలుసు. అయినా సంతలో బతికిన మనిషికి గొంతు తగ్గించడం ఎలా వస్తుంది?

"సార్, సంతకం పెడుతున్నారట."

"మెల్లగా ఆంటీ. నా చేతుల్లో ఏముంది?"

"పెట్టండి సార్. కానీ నిన్న నా కొట్లో ఎవరు తిన్నారని అడుగుతారు. తిన్నది ఒక్కరే. ఆ ఒక్కరూ లక్షణంగా ఉన్నారు. నా పులుసు విషమైతే ఆయనకేం కాలేదేమిటంటారు. మైదానంలో విందు అమృతమైతే ఆయన నా వెనక తలుపు ఎందుకు తట్టారంటారు. ఈ రెంటికీ నేనేం జవాబు చెప్పను?"

దార్కో గారికి అప్పుడు నిజంగానే చెమట పట్టింది. తెర పక్కకి జరిగింది. ఫెలిసియా మేడమ్ కళ్లు లోపలికి పోయి, అల్లించుకున్న జడలు చెదిరి ఉన్నాయి. బుర్ర మాత్రం చెదరలేదు. ఆమె కూడా వ్యాపారస్తురాలే. సొంత మొగుడే నా తిండి తినడని ఊరికి తెలిస్తే ఇక పెళ్లి విందు ఎవరిస్తారు, అంత్యక్రియల విందు ఎవరిస్తారు?

"సంతకమేమీ అక్కర్లేదు," అంది ఆమె నీరసంగా. "అధ్యక్షుడికి నేను చెబుతాను. మైదానంలో దోమలు కుట్టి మలేరియా వచ్చింది. ఫుఫు కొట్టు శుభ్రంగా ఉంది. ఆరోగ్యాధికారి గారు స్వయంగా తనిఖీ చేశారు. అంతేనా అండీ?"

"అంతే, అంతే," అన్నారు దార్కో గారు.

"ఆంటీ, ఆ పులుసు ఇటివ్వు. మాంసం వద్దు, నీళ్లే చాలు. వేడిగా ఉందా?"

"పొయ్యి మీంచి దించి నేరుగా తెచ్చాను మేడమ్."

ఫెలిసియా మేడమ్ ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. భర్త వైపు చూడకుండానే నర్సుని పిలిచింది.

"అమ్మా బెర్నిస్, మా అందరికన్నా ఈయనకి మలేరియా ముదిరింది. నీళ్లతో తగ్గేది కాదు. సూది పడాలి."

దార్కో గారు లేచి కూర్చున్నారు. "నాకిప్పుడు నెమ్మదిగానే ఉంది."

"ముదిరితే అలాగే అనిపిస్తుందండీ," అంది మేడమ్.

నర్సు బెర్నిస్ నిదానంగా సబ్బుతో చేతులు కడుక్కుని, పళ్లెంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పొడుగు సూది ఏరింది.

"తిరగండి సార్," అంది.