కుట్టుమామ్మ గుమ్మానికి పట్టిన చరిత్ర

ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మన ఊరికి చరిత్ర దొరికింది. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందని అడక్కండి. కుట్టుమామ్మ ఇంటి వీధి గుమ్మం మీదే ఉంది పాపం, సంచీ తగిలించే మేకు కింద.

కుట్టుమామ్మకి చదువు రాదు, అంకెలు అసలే రావు. అయినా నలభై ఏళ్లు ఊళ్లో పిల్లలందరి బడి బట్టలూ కుట్టింది. ఏటా పిల్లల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి తగిలినచోట కత్తెర మొనతో గీత గీసేది. ఎవరిదో తెలియడానికి పక్కన ఒక గుర్తు. రొట్టెలాయన కూతురికి సున్నా, గొడుగులు బాగుచేసే ఆయన పెద్దోడికి కొక్కెం. అన్నిటికన్నా కింద, మూడే మూడు గీతల పక్కన చిన్న పువ్వు. అది మామ్మ కూతురిది. నాలుగో గీత గీయాల్సిన ఏడాది పిల్లకి జ్వరమొచ్చింది. రోజూ గుమ్మం తుడిచేటప్పుడు మామ్మ చేతిలో గుడ్డ అక్కడ కాస్త ఆగేది.

ప్యాంటు పొట్టి చేయించుకుందామని వచ్చిన చరిత్ర సంఘం ఆచార్యులవారు ఆ గీతలు చూసి, ప్యాంటు సంగతి మరిచి, కళ్లజోడు మార్చారు.

"తిరుగుబాటు లిపి! సున్నా సూర్యుడు, కొక్కెం కత్తి. ఏడాదికేడాది ఎలా పైకి లేచారో చూశారా!"

"లేవరా మరి? పిల్లలు కదా నాయనా," అంది మామ్మ. "ఆ కొక్కెం గొడుగులాయన పెద్దోడు. ఒక్కచోట నిలబడితేనా, కోతి వెధవ! అందుకే గీత వంకరపోయింది."

"అమ్మా, మీరు సాక్షి మాత్రమే. సాక్షికి మతిమరుపు ఉంటుంది. ఆధారానికి ఉండదు."

"గీసిన కత్తెర చూపించనా?"

"ఆయుధం కూడా లభ్యం," అని ఆచార్యులవారు రాసుకున్నారు.

మర్నాడు మహాసభ. "ఏ వస్తువునైనా దాని సందర్భంలోనే చూడాలి. సందర్భం నుంచి విడదీస్తే చరిత్ర మూగబోతుంది!" అని ఆయన గంటన్నర ఉపన్యసించారు. చప్పట్లు ఆగాక, గుమ్మాన్ని గోడలోంచి ఊడబెరికి ప్రదర్శనశాలకు తరలించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అద్దాల పెట్టె పొట్టిది గనక కింది మూడున్నర అడుగులూ కోసేయాలి. అక్కడున్నది ఒక్క పువ్వే. "మూడేళ్లకే అంతరించిన అప్రధాన వర్గం" అని నివేదికలో ఉంది. సోమవారం వడ్రంగి రంపంతో వస్తాడు.

మామ్మ ఏడవలేదు. చెప్పులేసుకుని, కచేరీ ముందు దరఖాస్తులు రాసే ఆయన దగ్గరికి వెళ్లింది.

"పువ్వే ముఖ్యమని రాయి నాయనా. గుమ్మం కదపకూడదని రాయి."

"ఎవరు రాసినట్టు రాయను మామ్మా?"

"చచ్చినవాళ్లెవరైనా పరవాలేదు. బతికున్నవాళ్ల మాట వాళ్లు నమ్మరు."

ఆ కాగితాన్ని టీ డికాషన్‌లో ముంచి, ఇస్త్రీ చేసి, అంచులు ఎలక కొరికినట్టు కత్తిరించింది. నలభై ఏళ్ల పనితనం మరి! సోమవారం పొద్దున్నే, "మిషను సొరుగులో దొరికింది" అని ఆచార్యులవారి చేతిలో పెట్టింది. ఆయన వాసన చూశారు. ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన కళ్లు చెమర్చాయి. వడ్రంగిని వెనక్కి పంపేశారు.

ఇప్పుడు పువ్వు తిరుగుబాటుకు రహస్య నాయకురాలు. ఆమె మీద మూడువందల పేజీల పుస్తకం వచ్చింది. ఏటా అధికారులొచ్చి గుమ్మానికి దండ వేసి, మూడు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఆ మౌనంలో మామ్మ ఒక్కతే తలుచుకోవాల్సిన మనిషిని తలుచుకుంటుంది. పాపం, దండ పడాల్సినచోటే పడుతోంది, కారణమే వేరు. ఆవిడ మిషను గుమ్మం పక్కనే గనక, చూడవచ్చినవాళ్లు మర్యాదగానే అంటారు: "మామ్మా, కాస్త పక్కకి జరుగు, చరిత్ర కనబడ్డం లేదు."

నవ్వుతున్నారా? నవ్వండి. ఇదంతా అచ్చులో ఉంది గనక ఇంతదాకా వచ్చారు. ఇదే సంగతి మీ ఇంట్లో పెద్దావిడ చెప్పబోతే, "మళ్లీ మొదలెట్టావా?" అని మొన్నేగా లేచి వెళ్లిపోయారు.