కుండీలో ఉన్న ఏ ప్రాణీ

"ఈ ఎండాకాలం మా ఆఫీసులో, కుండీలో ఉన్న ఏ ప్రాణీ వాడిపోదు. ఇది నా మాట" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. మేమంటే నేనూ, మా మేనత్తా. మా వీధి కుళాయిలు ఎండిపోతే ఒక్క వాటర్ ట్యాంకర్ అడుగుదామని వచ్చి, వరండా నీడలో నిలబడ్డవాళ్లం. ఊరికే ఉన్న చేతులు కదా, కొట్టాం.

మంత్రిగారిది మాటంటే మాటే. మర్నాడు మేం మళ్లీ వచ్చేసరికల్లా నల్ల కుండీలు వేడెక్కుతాయని తెల్లరంగు వేయించారు. వేళ్లు ఉడికిపోతాయని తడి గోనెసంచులు చుట్టించారు. గచ్చు కాలుతుందని కింద చెక్కలు పరిపించారు. నీడ చాలదని మమ్మల్ని ఎండలోకి దింపారు. చెప్పు తెగిన అత్తయ్య ఆ గచ్చు మీదే కాలు మార్చి కాలు మోపుతూ నిలబడింది. ఊళ్లో ట్యాంకర్లే లేవన్నారు గానీ, ఒకటి మొక్కల పక్కనే ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి, తళతళలాడుతోంది.

అత్తయ్య ఆ ట్యాంకర్ గురించి సెక్రటరీగారిని అడిగింది. ఆయన ఎంతో మర్యాదగా, "మంత్రిగారి మాట మీద వచ్చిన సర్క్యులర్ కుండీలకమ్మా. మీరు అందులోకి రారు" అన్నారు.

అత్తయ్య ఊరుకునే రకమా? వరండా చివర పెద్ద సిమెంటు కుండీ ఖాళీగా ఉంది. కొంగు బిగించి, ఎక్కి, అందులో కూచుంది.

"ఇప్పుడొచ్చానా?"

సెక్రటరీగారు సర్క్యులర్ మళ్లీ చదివారు. 'ఏ ప్రాణీ' అని స్పష్టంగా ఉంది. లా సెక్షన్‌ని అడిగితే, ఊపిరి ఆడుతుంటే ప్రాణి కిందే లెక్క అన్నారట. వెంటనే అత్తయ్యకి గొడుగు పట్టించారు, కుండీకి తడి గోనె చుట్టించారు, చెంబుడు చల్లటి నీళ్లిచ్చారు. ప్రభుత్వం ఇంత చురుగ్గా పనిచేయడం నేనెన్నడూ చూడలేదు. అత్తయ్య మాత్రం చెంబు పక్కన పెట్టేసి, ట్యాంకర్ మా వీధికి కదిలేదాకా దిగనంది. అది మంత్రిగారే తేల్చాలన్నారు సెక్రటరీగారు.

మధ్యాహ్నం మంత్రిగారు కెమెరాలతో వచ్చారు. ఒక్కో ఆకూ నిమురుతూ, మొక్కల్ని పేరుపేరునా పలకరిస్తూ అత్తయ్య దాకా వచ్చి ఆగారు. ఆమె చేతులు జోడించి వీధి సంగతి చెబుతుంటే, నెరిసిన జుట్టు నుంచి ముడతల చేతుల దాకా శ్రద్ధగా పరిశీలించారు.

"ఇది ఎప్పుడో ఎండిపోయిందయ్యా. పీకేసి, పచ్చగా ఉన్నదేదైనా పెట్టండి."

చప్పట్లు మోగాయి. ఇద్దరు మనుషులు అత్తయ్యని రెండు రెక్కలూ పట్టి లేపి, గేటు బయట మండే రోడ్డు మీద దించారు. ట్యాంకర్ పైపు కుండీల వైపు తిరిగింది.

అత్తయ్య నా భుజం పట్టుకుని కాలెత్తింది.

"వేళ్లతో సహా పీకారా లేదా, కాస్త చూడరా."