బోర్డు బిగించేదాకా కరెంటు బంద్

మొయినాబాద్‌లో ఆ శనివారం పొద్దున సాముయేలు వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పాడైన ఓవెన్ కంట్రోల్ బోర్డు విప్పాలి, చేవెళ్లలో కొన్న కొత్తది బిగించాలి, టీ తాగాలి. భార్య విమలమ్మకు మాత్రం అది ప్రాణసంకటం. పక్కవీధి అరుణమ్మ తన మనవరాలు పూజ పుట్టినరోజుకు రెండు కిలోల కేకు కావాలని అడిగింది. విమలమ్మకు వచ్చిన మొట్టమొదటి ఆర్డరు అది. సాయంత్రం ఆరింటికి అందాలి.

సాముయేలు ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఎల్సీ తీసుకోకుండా, అంటే లైను బంద్ చేయించకుండా, తీగ ముట్టిన పాపాన పోలేదు. అలవాటు చొప్పున, ఇప్పుడు సబ్‌స్టేషన్‌లో పనిచేస్తున్న శిష్యుడు ఎల్లేశ్‌కు ఫోన్ కొట్టి ఎల్సీ అడిగాడు. గురువంటే గురి ఉన్న ఎల్లేశ్ ఎందుకని అడగలేదు. వాడ మొత్తానికి కరెంటు తీసేశాడు.

బోర్డు పది నిమిషాల్లో బిగిసింది. పనైంది, లైను వేయమని చెప్పి ఎల్సీ వాపసు ఇద్దామని చూస్తే ఫోన్లో చార్జింగ్ లేదు. విమలమ్మ ఫోన్ నుంచి చేస్తే ఎల్లేశ్ ససేమిరా అన్నాడు.

"ఎల్సీ తీసుకున్న నంబర్‌కెల్లే వాపస్ ఇయ్యాలె అన్న. గీ రూల్ నువ్వే నేర్పినవ్ గద!"

"అరే, మాట్లాడేది నేనేరా!"

"గొంతు ఇని నమ్మొద్దని గూడ నువ్వే చెప్పినవ్."

స్క్రూడ్రైవర్ పట్టుకుని వాకిట్లో దిక్కులు చూస్తున్న సాముయేలును చూసి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని ఎవరో అన్నారు. ఆ మాట వీధి చివరికి పోయేసరికి రెండు రోజుల దాకా కరెంటు రాదని తేలింది. గంట తిరక్కుండానే అరుణమ్మ కారు వచ్చి ఆగింది.

"కరెంటే లేకపాయె, కేకెట్ల చేస్తవ్ విమలా? బేకరీల చెప్పుకుంట తియ్."

విమలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక దాచి లాభం లేదని సాముయేలు నిజం కక్కేశాడు. "లైన్ మంచిగనే ఉన్నదమ్మా. మీ కేకు కోసం నేనే బంద్ చేయించిన. జర మీ కార్ల ఫోన్ చార్జింగ్ పెట్టుకోనియ్యున్రి."

అరుణమ్మ గుడ్లురిమి, వాకిట్లో మూగిన జనం వైపు తిరిగింది. ఇక తిట్ల దండకమేనని సాముయేలు తల వంచుకున్నాడు.

"ఇన్నరా? మా పూజ కేకు కోసం వాడంత కరెంటు బంద్ పెట్టిన్రంట! మా ఆయన సర్పంచ్ ఉన్నప్పుడు గూడ గింత మర్యాద జరగలే!"

కారులో ఫోన్ బతికింది, కరెంటు వచ్చింది, ఓవెన్ వెలిగింది, ఆరింటికి కేకు అందింది. అరుణమ్మ ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పుకోవడంతో, అలాంటి కేకు తమకూ కావాలని మరో నలుగురు అడిగారు. విమలమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మరునాడు ఓవెన్ తుడుస్తూ ఆమె గోడకున్న ప్లగ్ పీకి చూపించింది.

"ఇది పీకితే అయిపోతుండె గదయ్యా?"

సాముయేలు ప్లగ్ అందుకుని మళ్లీ గోడకు పెట్టాడు.

"అయితుండె గాని, ఆర్డర్ ఒక్కటే ఉంటుండె."