అరవై నాలుగు స్లైడ్లు, ఒక లిఫ్టు

జనానికి వీపు చూపించి, తెర మీదున్న ప్రతి అక్షరాన్నీ పైకి చదివే పద్ధతిని తప్పుపట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంతకు మించిన మర్యాద ఏముంది? వినేవాళ్లు హాయిగా ఆవలించవచ్చు, కునుకు తీయవచ్చు. చూసేవాడు అటు తిరిగి ఉన్నాడు!

అక్షరాలు పెద్దవిగా పెట్టమంటారు. పెడితే చదువుతారు. చదివితే ప్రశ్నలు వేస్తారు. వేస్తే జవాబు నాకు తెలిసి ఉండాలి. ఇంత ప్రమాదం ఎవరైనా కోరి తెచ్చుకుంటారా?

నేను ఒక ఆస్పత్రిలో మెయింటెనెన్స్ ఇంజినీరును. మా ఎముకల వార్డు నాలుగో అంతస్తులో ఉంది. కాళ్లు విరిగినవాళ్లను అక్కడికి ఎక్కించాలని ఏ మహానుభావుడికి తోచిందో తెలియదు. ఉన్నది ఒక్కటే లిఫ్టు. దాని ఇనప తాడులో పోగులు తెగుతున్నాయి. కొత్త లిఫ్టు మంజూరు చేయాల్సిన కమిటీ ఆరు నెలలకోసారి కూర్చుంటుంది. అందుకని నెలరోజులు కష్టపడి అరవై నాలుగు స్లైడ్లు తయారుచేశాను.

మొదటి పది స్లైడ్లు ధన్యవాదాలకూ, లిఫ్టుల పుట్టుపూర్వోత్తరాలకూ సరిపోయాయి. తర్వాత ఏడు రంగుల్లో గుండ్రటి ‘పై’ చార్టు. బాణాలు ఎడమ నుంచి ఎగిరివస్తాయి, అక్షరాలు గిరగిరా తిరుగుతూ దిగుతాయి. అవి దిగేలోపు నేను మంచినీళ్లు తాగవచ్చు.

ఇంట్లో రిహార్సల్ చేస్తే మా ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ విన్నది.

"ఇంతకీ వాళ్లనేం అడుగుతున్నారండీ?"

"కొత్త లిఫ్టు."

"ఆ మాట ఎక్కడా రాలేదే?"

"యాభై తొమ్మిదో స్లైడులో వస్తుంది."

"మొదట్లోనే చెప్పేస్తే పోయేదిగా?"

"మరి మిగతావన్నీ ఏం చేసుకోను?"

ఆవిడ చిక్కుళ్ల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనే గెలిచాననుకున్నాను.

మీటింగులో ముప్పై ఎనిమిదో స్లైడు దగ్గర పెద్ద డాక్టరుగారు, "అక్షరాలు కనబడ్డం లేదయ్యా" అన్నారు. "నేను చదువుతున్నాను కదా సార్" అన్నాను. నలభై ఒకటో స్లైడు దగ్గర టైమైపోయింది. ఇటు తిరిగి చూస్తే గుమాస్తా పుస్తకం మూసేస్తున్నాడు. కమిటీ ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంజినీరుగారి శ్రమ వృథా కాకూడదు కనుక, మీటింగు హాలుకు పెద్ద తెర మంజూరు!

తెర వారంలోనే వచ్చింది, డబుల్ కాట్ మంచమంత ఉంది. సరిగ్గా ఆ పొద్దునే లిఫ్టు ఆపరేటరు తలుపుకు తాళం వేశాడు. "ఇంక ఎవర్నీ ఎక్కించను సార్. తాడు చూస్తే నాకే భయమేస్తోంది" అన్నాడు. హాలు కూడా నాలుగో అంతస్తులోనే. నలుగురం తలో మూలా పట్టుకుని మెట్లెక్కాం.

మూడో అంతస్తు మలుపులో ఒక ముసలామె ఎదురైంది. తుంటి విరిగితే, ఎక్స్‌రే కోసం అల్లుడూ వార్డుబాయ్‌లూ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకొస్తున్నారు. మాకు దారివ్వడానికి ఆమెను మధ్యలోనే దించారు. దించినప్పుడు మూలిగింది. తర్వాత మా తెర వంక చూసింది.

"దీనికీ కాలు విరిగిందా నాయనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. తెర దించి, ముందు ఆమెను పోనిచ్చాం.

వెనకే పెద్ద డాక్టరుగారు రొప్పుతూ వచ్చారు. నాకు ఒక్క ముక్కకు సరిపడా ఊపిరే మిగిలింది.

"సార్... లిఫ్టు మార్చాలి."

"మార్చాల్సిందేనయ్యా. ఇదేదో మొన్న మీటింగులోనే చెప్పి ఉండొచ్చుగా?"

కమిటీ మళ్లీ ఆరు నెలలకు. ఈసారి ఆ ఒక్క ముక్కే చెప్పి కూర్చుంటానని మా ఆవిడ ముందు ఒట్టేశాను. ఆ ముక్కకు ఉపోద్ఘాతంగా ఇప్పటికి పదకొండు స్లైడ్లు అయ్యాయి.